నూట నలభై నాలుగో వరుస

“ఖాళీ అంటోంది, పెకక్.”

లూహ్ నోట ఆ మాట వెలువడగానే, తూర్పు మండపంలో తాటాకు చీలుస్తున్న చిన్న కత్తి ఆగిపోయింది.

“ఏది ఖాళీ?”

“పేర్లు. అన్నీ. ఒక్కటి కూడా లేదంటోంది.”

ఇ న్యోమన్ రెగెగ్ తల ఎత్తలేదు. ఆ ఇంట చిన్నా పెద్దా ఆయనను పెకక్ అనే పిలుస్తారు, తాత అని. ఊరి సంఘమైన బంజార్‌కు ఆయన నలభై రెండేళ్ళుగా లేఖకుడు. ఆ ఊరిలో కన్నుమూసి, మట్టిలో పడుకొని, అగ్నిసంస్కారం కోసం ఎదురుచూస్తున్న ప్రతి జీవుడి పేరూ ఆయన కలం మీదుగానే పుస్తకంలోకి చేరింది.

“మళ్ళీ అడుగు,” అన్నాడు.

“మూడుసార్లు అడిగాను.”

“నాలుగోసారి అడుగు.”

మనవరాలి వేళ్ళు కంప్యూటర్ మీటల మీద కదిలాయి. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు ఒక పంక్తిగా నిలిచాయి. యంత్రం ఒక్క క్షణమైనా తడబడకుండా అదే జవాబు చెప్పింది. ఖాళీ.

“నిన్న ఉన్నాయా?”

“నిన్న మధ్యాహ్నం నా కళ్ళతో చూశాను, పెకక్. సాయంత్రం కరెంటు పోయి ఇది ఆరిపోయింది. ఇప్పుడే వెలిగించాను.”

“దీపం ఆరితే ఇంట్లో వాళ్ళు కూడా పోతారంటావా?”



వాకిట వెదురు గంపలు ఎత్తి తన పుంజులకు మొక్కజొన్న వేస్తున్న పుతు అటు తిరిగాడు. పెదనాన్న కొడుకు, లూహ్‌కు అన్న, ఆమె పిలుపులో బ్లీ. బండ్లు బాగుచేసే కొట్టు అతని వృత్తి, కోళ్ళు అతని ప్రాణం.

“నేను ముందే చెప్పానా లేదా? కాగితం మీద ఒక కాపీ తీసి పెట్టుకో అని. విన్నావా? చదువుకున్న దానివి, నా మాట నీకెందుకు ఎక్కుతుంది!”

“బ్లీ, ఇప్పుడొద్దు.”

“ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? కాసేపట్లో బంజార్ పెద్ద, క్లియాన్, వస్తాడు. బంజార్ మండపంలో ఇరవై మంది ఆడవాళ్ళు ఆకులు ముందేసుకుని కూర్చున్నారు, ఎన్ని బొమ్మలు కట్టాలో చెప్తే మొదలుపెడదామని. వాళ్ళకేం చెప్తావు? నూట నలభై మూడు మంది పితరులు కరెంటుతో పాటు పోయారని చెప్తావా?”

“నోరు మూయి, పుతు,” అన్నాడు పెకక్, మెల్లగా.

పుతు మూశాడు. కోడి మాత్రం మూయలేదు.

పుస్తకమైనా మిగిలి ఉంటే ఇంత భయం ఉండేది కాదు. నలభై రెండేళ్ళ ఆ పుస్తకం మొన్నటి వానకు మండపం కప్పు కారి, పెట్టెతో సహా నానిపోయింది. విప్పబోతే పుటలు పుటలుగా రాలేదు, గుజ్జుగా చేతికి వచ్చింది. ఆ నాడు పెకక్ కంట తడి పెట్టకపోవడానికి కారణం ఒక్కటే. అంతకు ముందు రోజే లూహ్ చివరి పేరు యంత్రానికి ఎక్కించి, “అయిపోయింది పెకక్, ఇక పుస్తకం లేకపోయినా ఫర్వాలేదు” అన్నది. ఆ మాట ఇప్పుడు ఆమె చెవిలోనే మోగుతోంది.

సామూహిక దహనానికి పదకొండు రోజులున్నాయి.

“ఇల్లిల్లూ తిరిగి అడుగుదాం,” అన్నాడు పుతు, గొంతు తగ్గించి. “ఎవరి ఇంట్లో ఎవరు పోయారో వాళ్ళకి తెలియదా? బండి తీస్తాను. సాయంత్రానికి అయిపోతుంది.”

“ఇల్లున్న వాళ్ళని అడుగుతావు,” అన్నాడు పెకక్. “ఇల్లు లేని పంతొమ్మిది మంది మాటేమిటి?”



అందరికీ తెలిసిన విషయమే అది. కొందరి వంశం అడుగంటింది. కొందరి బిడ్డలు భూమి దొరుకుతుందని సులవేసి దీవికి వలసపోయి తిరిగి చూడలేదు. ప్రతిసారీ దహనం వచ్చినప్పుడు ఎవరింటి వాళ్ళు తమ వాళ్ళను తవ్వి తీసుకొని పోయారే తప్ప, ఈ పంతొమ్మిది మందీ మట్టిలోనే ఉండిపోయారు. ఈసారి మాత్రం, ఎవరూ లేని వారికి ఊరే కొడుకు అవుతుందని బంజార్ తీర్మానించింది. అగ్నికి అర్పించే ముందు ప్రతి ఒక్కరికీ తాటాకుతో ఒక బొమ్మ కట్టాలి, దాని మీద పేరు రాయాలి, ఆ పేరు పెట్టి పిలవాలి. పేరు లేనిదే పిలుపు లేదు. పిలుపు లేనిదే ప్రయాణం లేదు.

“మీకు గుర్తుంటాయి కదా, పెకక్?” అంది లూహ్ బతిమాలుతున్నట్టు.

“డెబ్బై ఎనిమిదేళ్ళే నాకు. పద్యాలు అడుగు, వెయ్యి చెబుతాను. పేర్లు అడిగితే…” వేళ్ళు ముడిచాడు. “పన్నెండు వచ్చాయి. పోనీ, పదమూడు. ఆ వయాన్ గెలెబెగ్, పడమటి వీధి వాడా, వాగవతలి వాడా? అంతా వయాన్లే, అంతా కెతుత్‌లే. తండ్రి పేరు కలిపితే గానీ మనిషి తేలడు. అదంతా పుస్తకంలో ఉండేది.”

ఉత్తరపు గడప మీద కూర్చొని పూల దొన్నెలు కుడుతున్న నానమ్మ, దాదొంగ్, ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. ఆమె చేతిలోని వెదురు పుల్ల ఆకులో గుచ్చుకొని అలాగే నిలిచి ఉండటం ఎవరూ గమనించలేదు.

పెకక్ కత్తి పక్కన పెట్టి, భుజం మీది తుండు సర్దుకొని, మనవరాలి ఎదుట వచ్చి కూర్చున్నాడు. కోపం వస్తే ఆయన నిలబడతాడు. కూర్చున్నాడంటే భయపడుతున్నాడని లూహ్‌కు తెలుసు.

“మొదటి నుంచీ చెప్పు. ఇది మొదలుపెట్టిన రోజు ఏం చేశావు?”

“మీరు మంచి రోజు చూశారు. దాదొంగ్ దీని ముందు పూలూ అక్షతలూ పెట్టింది. బ్లీ నవ్వాడు.”

“నేను నవ్వలేదు. తుమ్మాను.”

“తర్వాత?” అన్నాడు పెకక్.

“తర్వాత రాశాను. క్రియేట్ డేటాబేస్ పితర. చివర చుక్కా తోకా ఉన్న గుర్తు పెట్టాను. అది పెట్టేదాకా ఇది కదలదు, మాట పూర్తి కాలేదనుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. గుర్తు పెట్టగానే ‘సరే’ అంది.”

ఆ ఉదయం పెకక్‌కు బాగా గుర్తుంది. రాళ్ళు మోసిన వారు లేరు, మట్టి పిసికిన వారు లేరు. పిల్ల ఒక్క వాక్యం రాసింది, ఎక్కడో కంటికి కనపడని చోట ఒక ఇల్లు లేచింది. సృష్టికి ముందు వాక్కు ఉందని జీవితమంతా పాడిన మనిషి, ఆ ముక్క నిజమై తన ఇంటి మండపంలో నిలబడితే నమ్మలేక, లోలోపలే చేతులు జోడించాడు.

“తర్వాత?”

“తర్వాత లోపల ఒక పట్టిక కట్టాను. వరుస సంఖ్య, పేరు, చనిపోయిన వారం పేరు, పూడ్చిన చోటు, ఏ ఇంటివారు. ఐదు గడులు. ఒకే పేరు నలుగురికి ఉన్నా కలిసిపోకుండా సంఖ్య పెట్టాను. మీరు చెబుతూ ఉంటే ఒక్కొక్కరినీ ఎక్కించాను.”

“లోపల అన్నావు. లోపలికి ఎప్పుడు వెళ్ళావు?”

“అదేంటి పెకక్? ఇల్లు కట్టాను కదా.”

“ఇల్లు కట్టావు, బాగుంది. గడప దాటావా?”

లూహ్ కనుబొమలు ముడిపడ్డాయి.

“ఈ మండపం కట్టినప్పుడు నువ్వు పుట్టలేదు,” అన్నాడు పెకక్. “వడ్రంగి చివరి మేకు కొట్టి దిగిపోయాడు. ఆ రాత్రి మేమెవరం ఇందులో పడుకోలేదు. నరికిన చెట్టు, తవ్విన రాయి, అవి చచ్చిన వస్తువులు. మెలాస్పాస్ పూజ జరిపి, ప్రాణం పోసి, ఆ తర్వాత ఇంటి పెద్ద కుడికాలు లోపల పెడితే అప్పుడది ఇల్లయింది. అంతవరకూ మేం పాత వంటింట్లోనే వండుకున్నాం, పాత చాప మీదే పడుకున్నాం. కట్టడం వేరు, ప్రవేశించడం వేరు. కట్టినంత మాత్రాన మనం అందులో ఉన్నట్టు కాదు. నువ్వు ఏ ఇంట్లో నిలబడి పేర్లు రాశావో, అది నేనడుగుతున్నాను.”

వాకిట పుంజు మరొకసారి కూసింది. లూహ్ చేయి నోటి మీదికి వెళ్ళింది.

“యూజ్…” అంది.

“ఏంటది?” అన్నాడు పుతు.

“యూజ్ అనాలి. ఇల్లు కట్టాక, ఇదిగో ఈ ఇంట్లోకి వెళ్తున్నాను అని చెప్పాలి. నేను చెప్పలేదు. ఆ రోజు చెప్పనేలేదు! కట్టేసి, అదే కిటికీలో పట్టిక మొదలుపెట్టేశాను. ఆ తర్వాత అన్ని రోజులూ మూత మూశానే తప్ప దీన్ని ఆర్పలేదు. ఇవాళ పొద్దున్నే మొదటిసారి ‘యూజ్ పితర’ అన్నాను. అందుకే ఖాళీ. అక్కడికి నేను ఇవాళే వెళ్ళాను!”

“అయితే అన్నాళ్ళూ ఎక్కడున్నావు?”

ఆమె రాసింది. షో డేటాబేసెస్. చుక్కా తోకా.

తెర మీద చిన్న పెట్టె గీసుకొని ఇళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి నిలిచాయి. యంత్రం తన సొంత అవసరాలకు ఉంచుకున్నవి కొన్ని. వాటి నడుమ ‘పితర’. దానికి కాస్త పైన, మరొక పేరు.

పెకక్ ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగాడు.

“లతిహాన్? అభ్యాసమా? ఇదేం ఇల్లు?”

లూహ్ ముఖం కందిపోయింది. “గియాన్యార్‌లో నేర్చుకునేటప్పుడు కట్టుకున్నది. ఊరికే, చేయి తిరగడానికి. ‘పితర’ కట్టిన రోజు నేనింకా ఈ ఇంట్లోనే ఉన్నట్టున్నాను.”

“అందులో ఏముంది?”

“బ్లీ కోళ్ళు.”

“ఏంటీ?” పుతు చేతిలోని గింజలు జారిపోయాయి.

“ఏదో ఒకటి రాసి నేర్చుకోమన్నారు మాస్టారు. నీ కోళ్ళ పేర్లు రాశాను. రంగు, బరువు, ఎన్నిసార్లు గెలిచింది.”

“అంటే మా ముత్తాతలందరినీ తీసుకెళ్ళి నా కోళ్ళగూట్లో పెట్టావా!”

“పెట్టానో లేదో చూడాలి, ఆగు.”

“పెట్టే ఉంటావు! పోనీలే, నా ఎర్రపుంజు పక్కన ఉంటే వాళ్ళకీ కాస్త పౌరుషం వస్తుంది—”

“పుతు!”

ఈసారి మందలించింది పెకక్ కాదు, దాదొంగ్. గడప మీది నుంచి లేచి నిలబడింది. దొన్నెలు కాళ్ళ దగ్గర చెల్లాచెదురుగా పడ్డాయి. ఆమె అరవడం ఆ పిల్లలు పుట్టి ఎరుగరు.

“చూడవే,” అంది లూహ్‌తో. “ఉన్నారేమో చూడు. అందరూ ఉన్నారేమో చూడు.”

యూజ్ లతిహాన్.

‘ఇల్లు మారింది’ అన్నది యంత్రం, తన మాటల్లో.

షో టేబుల్స్.

రెండు పేర్లు. ఒకటి కోళ్ళు. ఒకటి పేర్లు.

 లూహ్ సెలెక్ట్ అన్న ఒక్క మాటను మూడుసార్లు చెరిపి రాసింది. వాక్యం పూర్తిచేసి మీట నొక్కింది. ఏమీ జరగలేదు. కింద చిన్న బాణం గుర్తు వచ్చి నిలిచింది.

“పోయారా?” అంది దాదొంగ్.

“లేదు దాదొంగ్. గుర్తు పెట్టడం మరిచిపోయాను. అది ఎదురుచూస్తోంది.”

పెట్టింది.

వారు వచ్చారు.

వరుసలు వరుసలుగా, ఒకరి వెనుక ఒకరు, తెర అడుగు నుంచి పైకి పారుతూ వచ్చారు. తూము తెరిచినప్పుడు పొలం గట్ల మీదుగా నీరు మడిలోంచి మడిలోకి దిగినట్టు, తొందర లేకుండా, ఆగకుండా. వయాన్‌లు, మదేలు, న్యోమన్‌లు, కెతుత్‌లు. వాగవతలి గెలెబెగ్, పడమటి వీధి గెలెబెగ్, ఇద్దరూ వేర్వేరు సంఖ్యలతో, వేర్వేరు గోతులతో, ఎవరికి వారుగా నిలబడ్డారు. పెకక్ తన తండ్రితో కలిసి గమేలాన్ వాయించిన ముసలివాడిని చూశాడు. తనకు తొలిసారి తాళపత్రం చదవడం నేర్పినవాడిని చూశాడు. మొన్నటి వరకూ పుస్తకంలో, ఎప్పుడో గాని విప్పని మడతల్లో పడుకున్నవారు, ఒక్క పిలుపుకు ఒకేసారి లేచి వచ్చి వాకిట నిలిచినట్టయింది.

ఆయన తలపాగా సర్దుకున్నాడు. పెద్దలు ఇంటికి వచ్చినప్పుడు సర్దుకున్నట్టే.

“అందరినీ అడిగితే అందరూ వస్తారా?” అన్నాడు.

“ఎవరిని అడిగితే వాళ్ళు వస్తారు, పెకక్. అడగడం తెలియాలి అంతే.”

“అయితే… ఎవరూ లేనివారిని మాత్రమే పిలువు.”

లూహ్ రాసింది. ఏ ఇంటివారు అన్న గడిలో ఏమీ లేనివారిని ఏరమన్నది. యంత్రం ఒక్క రెప్పపాటులో గుంపులోంచి వారిని విడదీసి ముందుకు తెచ్చింది. కింద లెక్క కూడా చెప్పింది. పంతొమ్మిది.

పెకక్ వేలితో తెర మీద ఒక్కొక్క పేరూ తడుముతూ పైకే చదివాడు. చదువుతున్న కొద్దీ కంఠం స్థిరపడింది. పద్యం పాడే గొంతు అది. పదమూడు దాటాక, తనకు గుర్తురాని ఆరుగురి దగ్గర, ప్రతి పేరు తర్వాతా ఒక్క క్షణం ఆగాడు, క్షమించమన్నట్టు.

పుతు కోళ్ళ గంపలన్నీ బోర్లించి వచ్చి, మండపం మెట్టు మీద ఒద్దికగా కూర్చున్నాడు. “ఇంత చిన్న పెట్టెలో…” అన్నాడు. ఆ తర్వాత మాట దొరకలేదు. అతనికి మాట దొరకకపోవడం కూడా ఆ ఇంట కొత్తే.

“వీళ్ళని ఆ కోళ్ళ ఇంట్లోంచి సొంత ఇంటికి చేర్చాలి,” అన్నాడు పెకక్. “ఎన్నాళ్ళు పడుతుంది? మళ్ళీ మొదటి నుంచీ రాయాలా?”

“ఒక్క వాక్యం చాలు. అక్కడున్న వరుసలన్నీ ఎత్తి ఇక్కడ పెట్టమంటే పెడుతుంది.”

“ఒక్క వాక్యం!” ఆయన తల అటూ ఇటూ ఊపాడు. “ముందు లెక్క చూడు. నూట నలభై మూడు సరిపోయాయని చూసి, ఆ తర్వాత కదుపుదాం.”

లూహ్ లెక్క అడిగింది.

యంత్రం చెప్పింది.

“నూట నలభై నాలుగు,” అని చదివింది లూహ్.

“మూడు.”

“నాలుగు అంటోంది, పెకక్.”

“ఎవరినైనా రెండుసార్లు ఎక్కించి ఉంటావు.”

“ఏమో. చివరి వరుస చూస్తాను.” రాస్తూ రాస్తూ ఆమె ఆగింది. “చివరి రెండు పేజీలు మీరు చెప్పలేదు కదా. మీరు గుడికి వెళ్ళారు ఆ మధ్యాహ్నం. దాదొంగ్ చదివి చెప్పింది.”

పెకక్ నెమ్మదిగా తల తిప్పి భార్య వైపు చూశాడు. ఆమె నేల మీది దొన్నెలు ఏరుకుంటోంది.

తెర మీద ఒంటరిగా ఒక వరుస నిలిచింది. నూట నలభై నాలుగు. ని కెతుత్ రెంతెన్. వరిగ వారం. శ్మశానం దక్షిణపు అంచు, కెపుహ్ చెట్టు దాటి. ఏ ఇంటివారు అన్న గడి ఖాళీగా లేదు. న్యోమన్ రెగెగ్ ఇల్లు, అని ఉంది.

“రెంతెన్ ఎవరు?” అంది లూహ్. “నేను పుస్తకంలో పేరే అనుకుని రాసేశాను. మన ఇల్లు అని ఉందేంటి?”

ఆమె నానమ్మ వైపు తిరిగింది.

“దాదొంగ్?”

“నా చెల్లెలు,” అంది ఆమె, దొన్నె మీది దుమ్ము ఊదుతూ.

“మీకు చెల్లెలుందా?”

“ఉండేది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. పెళ్ళి ఒకరితో అనుకుంటే ఇంకొకడితో పారిపోయింది. మూడేళ్ళకు జబ్బుతో తిరిగొచ్చింది. వాడి ఇంటివాళ్ళు ఏ శాస్త్రమూ జరిపి దాన్ని తమ దాన్ని చేసుకోలేదు. మా నాన్న నా కూతురు కాదన్నాడు. మంత్రసాని పాకలో చచ్చిపోయింది. నలుగురు మోసుకెళ్ళి చెట్టవతల పూడ్చారు. ఎవరింటి మనిషని రాయాలో తేలలేదు కాబట్టి అసలు రాయనే వద్దన్నారు.”

“ఎవరన్నారు?”

“అప్పటి క్లియాన్. ఇప్పుడొస్తున్నాడే, ఈయన తండ్రి. ఆ తండ్రి తమ్ముడికే ఇస్తామన్నాం దాన్ని.”

పెకక్ పెదవి కదిలింది. “అది బంజార్ నిర్ణయం. నేను కొత్తగా కలం పట్టుకున్నవాణ్ణి. నలుగురూ వద్దన్నది నేనెలా రాస్తాను?”

“నేను అడిగానా మిమ్మల్ని?”

“ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.”

“అడగలేదు. నలభై ఒక్క ఏళ్ళు. ప్రతి దహనానికీ ఊరందరి బొమ్మలూ కట్టాను ఈ చేతులతో. దానిది కట్టలేదు. మీరు ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా కాఫీ తెచ్చి పక్కన పెట్టి పోయాను. ఆ రోజు కలం మీ చేతిలోనే ఉంది, బ్లీ.”

అన్ననే కాదు, భర్తనూ అలాగే పిలుస్తారు; కొత్త పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు ఆమె పిలిచిన పిలుపు అది. పిల్లలు పుట్టాక ఆ నోట రాలేదు. మనవలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

 ముసలాయన చూపు ఆమె మీద లేదు. ఆ ఒంటరి వరుస మీద ఉంది.

“ఈ ఒక్కదాన్నీ వదిలి మిగతావాళ్ళని కదపడం కుదురుతుందా?” అన్నాడు చివరికి.

దాదొంగ్ చేతిలోని దొన్నె నలిగింది.

“కుదురుతుంది,” అంది లూహ్, అతి కష్టం మీద. “వాక్యం చివర ఒక షరతు కలిపితే చాలు.”

“కలపకపోతే?”

“అందరూ వెళ్తారు.”

వాకిట చెప్పుల చప్పుడయింది. క్లియాన్ వయాన్ దర్సన గడప అవతల నిలిచి పలకరించాడు. యాభై దాటిన మనిషి, తండ్రి పోలికే.

“జెరో,” అన్నాడు లేఖకుణ్ణి మర్యాదగా పిలుస్తూ, “లెక్క ఇచ్చేస్తారా? ఆడవాళ్ళు కబుర్లతోనే ఆకులన్నీ చీల్చేస్తున్నారు. నూట నలభై మూడే కదా?”

“ఒక్క నిమిషం, క్లియాన్. లోపలికి రండి,” అన్నాడు పెకక్. మనవరాలి వైపు తిరిగాడు. “రాయి.”

“ఎలా రాయమంటారు?”

“నువ్వు ముందు చెప్పినట్టే.”

ఆమె రాసింది. పితరలో పేర్ల పట్టిక ఒకటి కట్టి, లతిహాన్‌లోని పేర్లన్నింటినీ ఏరి అందులో ఉంచమని. అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి చేరి వాక్యమయ్యాయి. చివరి గుర్తు ఒక్కటే మిగిలింది. షరతు కలపాలంటే దానికి ముందే కలపాలి. ఆమె వేలు గాలిలో ఆగింది.

“ఇంకేమైనా కలపాలా, పెకక్?”

“ఆ గుర్తు ఎక్కడుంది?”

“ఏ గుర్తు?”

“చుక్కా, తోకా.”

ఆమె చూపించింది. ఆ తర్వాత నొక్కవలసిన పెద్ద మీట కూడా.

నలభై రెండేళ్ళు కలం పట్టి వంకరపోయిన చూపుడువేలు, ఎన్నడూ ముట్టని ఆ పలక మీదికి వచ్చింది. తాకే ముందు ఆయన పెదవులు ఏదో మంత్రం పలికాయి. అది గృహప్రవేశానికి చెప్పేదో, శ్మశానంలో చెప్పేదో ఎవరికీ వినపడలేదు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

నూట నలభై నాలుగు వరుసలు, అన్నది యంత్రం.

“యూజ్ పితర,” అన్నాడు పెకక్, పిల్ల దగ్గర ఇంతకు ముందే నేర్చుకున్న మాట. లూహ్ రాసింది. “ఇప్పుడు పిలువు.”

పిలిచింది. ఇందాక ఖాళీ అన్న ఇల్లే. గడప దాటి, వరుస తప్పకుండా, అందరూ లోపల ఉన్నారు. అందరికన్నా చివర, తలుపు దగ్గర, ని కెతుత్ రెంతెన్ ఉంది.

దాదొంగ్ మండపం మెట్టు మీద కూలబడి, రెండు చేతులూ నుదుటికి చేర్చింది. పుతు ఆమె భుజం పట్టుకున్నాడు.

“క్లియాన్,” అన్నాడు పెకక్, వెనక్కి తిరగకుండానే, “నూట నలభై నాలుగు బొమ్మలు కట్టమనండి. చివరిది మా ఇంటిది.”

“మీ ఇంట్లో దహనానికి ఎవరూ మిగల్లేదు కదా, జెరో? మీ వాళ్ళందరికీ పోయినసారే అయిపోయింది.” నవ్వుతూనే వచ్చి తెర వైపు వంగాడు దర్సన. అతని పెదవులు చివరి పేరును నిశ్శబ్దంగా చదివాయి. ఒకసారి, మరొకసారి.

నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయి, కళ్ళలోంచి మాత్రం వెళ్ళిపోయింది.

“కూర్చోండి,” అన్నాడు పెకక్. “నలభై ఒక్క ఏళ్ళ నాటి మాట ఒకటి మీకు చెప్పాలి.”

లూహ్ చాప దులిపి పరిచింది. దాదొంగ్ అరచేత్తో కళ్ళు తుడుచుకొని, కాఫీ తేవడానికి లేచింది.

క్లియాన్ కూర్చోలేదు.